నిన్నటి మాలు

స్వచ్ఛంద విరమణ తీసుకుని ప్రయోగశాలలో నా బల్ల ఖాళీ చేస్తున్న రోజున, నా తరువాత ఆ బల్లకు రాబోతున్న అమ్మాయి ఒక పాత రిజిస్టరు పట్టుకుని వచ్చింది. అది ఎనభైల దశకం నాటిది. అట్ట ఊడిపోయింది, చేతిరాత నాది. ఏ రోజు ఏ ముడిసరుకు వచ్చిందో రాసుకునే ఆ రిజిస్టరులో మిగిలిన వారాల ఎదుట "గుడ్లు" అని ఉంది. శుక్రవారం ఎదుట మాత్రం ప్రతి చోటా "సొనలు మాత్రమే" అని ఉంది.

"మేడమ్, శుక్రవారానికి వేరే శాస్త్రీయ పద్ధతి ఏదైనా ఉండేదా?" అని అడిగింది.

నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇప్పుడు తీరికగా కూర్చుని రాస్తున్నాను. నా దినచర్య పుస్తకాలు పక్కనే ఉన్నాయి. జ్ఞాపకం తడబడిన చోట అవి సరిదిద్దుతాయి. పేర్లు మాత్రం రాయను. ఈ కథలోని వారిలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవారిలో ఒకరిద్దరికి తమ పేరు అచ్చులో చూసుకోవడం మహా సరదా, ఆ సరదా తీర్చే బాధ్యత నాది కాదు.

ఈ రోజుల్లో నానో అనే మాట నేల తుడిచే మందు డబ్బా మీద కూడా కనిపిస్తున్నది. అప్పట్లో మా బల్ల మీద ఆ మాట వినిపించేది కాదు. మేము బుడగలు అనేవాళ్లం. వెంట్రుక మందాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉండే కొవ్వు బుడగలు అవి. కేన్సర్‌కు అప్పటికే వాడుకలో ఉన్న ఎర్రని మందు ఒకటి ఉండేది. అది కణితిని కరిగించేది, జుట్టు రాల్చేది, కొందరిలో గుండెను కూడా దెబ్బతీసేది. ఆ మందును బుడగల్లో మూసి రక్తంలోకి పంపితే కణితికి ఎక్కువ, గుండెకు తక్కువ అందుతుందని మా ఆశ. కణితిలో పుట్టుకొచ్చే రక్తనాళాలు హడావిడిగా లేపిన గోడల వంటివి, వాటికి సందులు ఎక్కువ. మంచి గోడను దాటలేని బుడగ ఆ సందుల్లోంచి లోపలికి జారుతుంది.

ఈ గోడల పోలిక నాకు మొదటి రోజే పట్టుబడింది. మా ఇంట్లో మూడు తరాలు గోడలు కట్టారు. మా ముత్తాత పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి బొంబాయి వచ్చాడు. తాత సున్నం పని చేశాడు. నాయిన తాపీ మేస్త్రీ. ఫాక్‌లాండ్ రోడ్డుకు రెండు గల్లీల అవతల, కామాటిపురలో మా చాల్, అంటే ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కాపురం ఉండే పాత మేడ. అందులో మూడో అంతస్తున పన్నెండడుగులకు పదడుగుల గది మాది. మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్నాను, ఆ తరువాత ఎలాగో బీఎస్సీ గట్టెక్కాను. ఒక మందుల దుకాణం వెనక గదిలో సీసాలకు చీటీలు అంటిస్తూ పదకొండు నెలలు గడిపాక ప్రయోగశాలలో ఏడాదికి తాత్కాలిక ఉద్యోగం దొరికింది. దరఖాస్తులో చిరునామా చదివి, ఎర్రదీపాల వీధుల పేట అని గుర్తుపట్టిన గుమాస్తా తల ఎత్తి నన్ను ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూశాడు. "పిన్‌కోడు సరిగ్గానే రాశాను," అన్నాను. ఆయన మళ్లీ తల ఎత్తలేదు.

మా బల్లకు పెద్ద పుణె వైపు మరాఠీ శాస్త్రవేత్త. ఆయనను సర్ అనేవాళ్లం. నా పైన సీనియర్ టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు, ఆయనను అందరూ భావూ అని పిలిచేవారు, అంటే మరాఠీలో అన్న. భావూకు యంత్రాలంటే ప్రాణం, మనుషులంటే అనుమానం. నేను చేరిన వారానికే నాకు అండావాలీ, అంటే గుడ్ల పిల్ల, అని పేరు పెట్టారు. ఆ పేరులో అబద్ధమేమీ లేదు. మా బుడగల గోడలకు కావలసిన కొవ్వు కోడిగుడ్డు పచ్చసొన నుంచే వచ్చేది. సొనను వేరు చేసి, అసిటోన్‌తో కడిగి, అక్కరలేని నూనెనూ పసుపు రంగునూ పంపించేస్తే మైనం వంటి లేత పదార్థం మిగులుతుంది. దాన్ని గుండ్రని సీసాలో లోపలి గోడకు పలచని పొరగా పట్టించి, ఎర్ర మందు కలిపిన నీళ్లు పోసి కదిలిస్తే పొర ఉబ్బి బుడగలుగా విడిపోతుంది. తరువాత శబ్దతరంగాల యంత్రంలో పెట్టి వాటిని చిన్నవి చేస్తాం. లారీలో వచ్చే గుడ్లు ఏరడం, సొన తీయడం, ఆ సరుకు కాపాడడం నా పని.

బుడగలు నిలిచాయో కారాయో చూడడానికి ఒక తేలికైన పరీక్ష ఉండేది. మూరెడు గాజు గొట్టంలో సగ్గుబియ్యం జావలా ఉండే తెల్లని గుజ్జు నింపి, పైనుంచి బుడగల ద్రవం పోస్తాం. బుడగల్లో ఉన్న మందు ముందు దిగుతుంది, కారిపోయి విడిగా తిరిగే మందు వెనక దిగుతుంది. అంటే గొట్టంలో రెండు ఎర్ర పట్టీలు కనిపిస్తాయి. ముందు పట్టీ చిక్కగా, వెనకది పలచగా ఉంటే ఆ రోజు భావూ నాకు చాయ్ తెప్పించేవారు.

ఇక అసలు సంగతి. నా ఏడాది గడువు ముగియబోతున్న జూలైలో, మా పని కొనసాగించాలా వద్దా అని తేల్చడానికి ఒక పరిశీలన సంఘం వస్తుందని కబురు వచ్చింది. వారి షరతు ఒకటే: బుడగలు శరీరమంత వెచ్చదనంలో ఒక పగలూ ఒక రాత్రీ ఉన్నా కారకూడదు, అలా వరుసగా మూడు విడతలు నిలవాలి. రెండు నిలిచాయి. మూడోది వాళ్లు వచ్చే సోమవారం నాడు వాళ్ల కళ్లెదుటే చూపాలి. నిలిస్తే బల్ల ఉంటుంది, కారితే బల్ల ఎత్తేస్తారు. బల్లతో పాటే నేనూ చీటీలు అంటించే గదికి తిరిగి వెళతాను. ఈ చివరి ముక్క ఎవరూ పైకి అనలేదు. నేను మాత్రం దినచర్యలో రాసుకున్నాను.

ఆ ముందు బుధవారం నేను చేసిన పనిని రిజిస్టరులో రాసిన మాటల్లోనే చెబుతాను: "కొత్తగా తీసిన సరుకులో పాత సీసా అడుగున మిగిలినది కూడా గీకి కలపబడినది."

ఎందుకు కలిపానంటే, చిన్నప్పుడు సెలవుల్లో నాయినకు అన్నం తీసుకుని సైటు మీదికి వెళితే చెవిన పడే మాట ఒకటే: "గమేలా గీకు." గమేలా అంటే మాలు, అదే ఇటుకల మధ్య పట్టించే అడుసు, మోసే ఇనుప తట్ట. పొద్దు గుంకే వేళ తట్టల అడుగున మిగిలిన మాలంతా గీకి, ఒక కుప్ప చేసి, తడి గోనెపట్ట కప్పి, మర్నాడు కొత్త మాలులో కలిపి పిసికేవారు. తట్ట గీకని మనిషిని మా వాళ్లు మనిషిగా లెక్కించరు. సీసా అడుగున ఆ లేత పదార్థం మిగిలి కనిపించినప్పుడు నా చేయి నన్ను అడగకుండానే గరిటె అందుకుంది. ఎంత పొదుపుగా పని చేస్తున్నానో అని గర్వం కూడా కలిగింది. ఆ సంగతి రిజిస్టరులో రాయలేదు.

గురువారం మధ్యాహ్నం సోమవారానికి ముందు ఒకసారి చూసుకుందామని నమూనా పరీక్ష పెట్టాం. ఆ విడతను బుధవారం సాయంత్రం నుంచి వెచ్చగా ఉంచి తెచ్చి పోశాం. ముందు పట్టీ లేత గులాబీ రంగులో దిగింది. దాని వెనక దానిమ్మ రసంలా చిక్కగా రెండోది దిగింది. సగానికి పైగా మందు బయటికి వచ్చేసింది.

ముగ్గురం ఆ గొట్టం ముందు నిలబడ్డాం. భావూ యంత్రాన్ని అనుమానించారు, శబ్దం పౌనఃపున్యం మారిందన్నారు. సర్ మందును అనుమానించారు, కొత్త పొట్లం మంచిది కాదేమో అన్నారు. నేను వానను అనుమానించాను. ఆ రోజు బయట విపరీతంగా కురుస్తోంది, దాన్ని అనుమానిస్తే ఎవరికీ కోపం రాదు. అయిదు గంటలకల్లా భావూ యంత్రం మూత విప్పి మరలన్నీ ఒక పళ్లెంలో పేర్చారు. ఆయన ముఖంలో బాధతో పాటు కొంత సంతోషం కూడా కనిపించింది. ఆ యంత్రాన్ని విప్పే అవకాశం కోసం ఆయన రెండేళ్లుగా ఎదురు చూస్తున్నారు.

ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. అమ్మ అన్నం పెట్టింది. నేను కంచం ముందు కూర్చుని కూడా తినడం లేదని నాయిన గమనించాడు.

"ఏంది బిడ్డా, అన్నం ముందల పెట్టుకొని గోడను చూస్తున్నవ్? గోడలకు వంకలు పెట్టుడు నా కామ్ గదా."

"మా బుడగలు కారుతున్నయ్ నాయినా."

"కారుతున్నయంటే మాల్ల తప్పన్న ఉండాలె, కట్టినోని చేతుల తప్పన్న ఉండాలె. మీ సాహెబు ఏమంటుండు?"

"ఒకరు మిషిన్ అంటున్నరు, ఒకరు మందు అంటున్నరు."

"నువ్వేమంటున్నవ్?"

"వాన అన్న."

నాయిన పకపకా నవ్వాడు. "గోడ కూలినప్పుడు మా కూలీల మీది ముకాదం గూడ గదే అంటడు. మాలు ఎట్ల కలిపినవో చెప్పు."

"మాలు మంచిదే. మొన్న తీసిన కొత్త సరుకే. పాతది జరంత అడుగున మిగిలితె గీకి కలిపిన. నువ్వు గమేలా గీకుమంటవ్ గద, అట్ల."

నాయిన నోటి దాకా వచ్చిన ముద్ద ఆగింది. ఆయన ముద్దను కంచంలో పెట్టి నా వైపు తిరిగాడు.

"నేను గీకుమన్నది సున్నం మాలు బిడ్డా. నువ్వు చిన్నగున్ననాటిది. సున్నం తడి గోనె కింద పెడితె తెల్లారి ఇంక మెత్తగయితది, ఇంక మంచిగ పడ్తది. సిమెంటు గట్ల పెడితె? నిన్నటి సిమెంటు ఇయ్యాల్టి మాల్ల కలిపితె గోడ ఆడికాడికే పగుల్తది. గట్ల కలిపినోన్ని వర్లి సైటు మీదికెళ్లి నేనే దింపిన, మన పాలమూరోడే. నీ గుడ్డు సరుకు సున్నమా, సిమెంటా? గది ఎరికనా నీకు?"

నాకు ఎరుకే. అదే సిగ్గుచేటు. ఆ కొవ్వుకు గాలి తగిలితే చెడుతుందనీ, సీసా మూత తీసిన ప్రతిసారీ లోపలికి నత్రజని వాయువు ఊది మూయాలనీ సర్ నాకు మొదటి నెలలోనే నేర్పారు. అడుగున కొంచెమే మిగిలిన పాత సీసాకు ఆ మర్యాద ఎవరు చేస్తారని నేను ఊదలేదు. పది రోజులు అది గాలి పీల్చుకుంటూ కూర్చుంది. గీకినప్పుడు పాత నువ్వుల నూనె వంటి చిన్న వాసన వచ్చింది కూడా. ముక్కు చెప్పిన మాటను చేయి వినలేదు. చెడిన ముక్క మంచి దానిలో కలిసి బుడగల గోడలన్నింటికీ సందులు పెట్టింది. కణితి గోడలకు ఉండవలసిన సందులు మా బుడగలకు వచ్చాయి.

"సిమెంటే నాయినా," అన్నాను.

"మరి తిను. రేపు కొత్త మాలు కలుపు."

కొత్త మాలుకు గుడ్లు కావాలి. ప్రయోగశాలకు గుడ్లు తెచ్చే లారీ వానకు ఖాడీ, అంటే సముద్రపు పాయ, అవతల ఆగిపోయిందని ముందే తెలుసు. శుక్రవారం ఉదయం ఆరుంబావుకు గొడుగు వేసుకుని ఫాక్‌లాండ్ రోడ్డు మీది గుడ్ల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నిజాయితీపరుడు. "సోమవారం నాటివి, ఆమ్లెట్‌కు బ్రహ్మాండం," అన్నాడు. మాకు రెండు రోజులు దాటని గుడ్లు కావాలి. తిరిగి మా చాల్ మెట్లెక్కి, మా అంతస్తు దాటి, పైకప్పు గచ్చు మీదికి వెళ్లాను.

గచ్చు మీద రేకుల గదిలో కోళ్లవ్వ ఉండేది. ఆమె అసలు పేరు ఓటర్ల జాబితాకు తప్ప ఎవరికీ తెలియదు. పదహారు పెట్టలు, రెండు పుంజులు ఆమె సంసారం. ఆ పుంజుల మీద చాల్ అంతటా ఫిర్యాదులు ఉండేవి. ఆమె గుడ్ల మీద మాత్రం ఒక్క ఫిర్యాదూ ఉండేది కాదు. నేను వెళ్లేసరికి పొయ్యి ముందు కూర్చుని మిశ్రీతో, అంటే కాల్చిన పొగాకు పొడితో, పళ్లు తోముకుంటోంది.

"అవ్వా, నిన్న ఇయ్యాల పెట్టిన గుడ్లు పన్నెండు గావాలె."

"ఉన్నయ్." ఉమ్మి వచ్చి మళ్లీ కూర్చుంది. "ఇయ్య."

"ఎందుకు?"

"ఇయ్యాల ఏం వారం?"

"శుక్రారం."

"మరి? ఎన్నడన్న శుక్రారం నా గడప దాటి గుడ్డు బయటికి పోయిందా? మీ నాయినమ్మ బాలింతగ ఉన్ననాడు అడిగితెనే ఇయ్యలే. రేపు రా, ఇర్వై తీస్కపో."

"రేపటికయితె నా నౌకరీ పోతది అవ్వా."

"నౌకరీ పోతె ఇంకోటొస్తది. లక్ష్మి పోతె వస్తదా?"

మంగళవారం, శుక్రవారం ఇంట్లోది బయటికి ఇవ్వకూడదనే ఆచారం మా వాళ్లలో అందరికీ ఉన్నదే. మా అమ్మ కూడా ఆ రోజుల్లో పెరుగు తోడుకైనా ఇవ్వదు. దానితో వాదించడం గోడతో వాదించడమే. అయినా నిలబడే ఉన్నాను. ఈ పిల్ల ఎందుకు కదలడం లేదో తేల్చుకుందామని కాబోలు, "ఇంతకు దేనికి, కేకుకా?" అని అడిగింది.

చెప్పాను. గుడ్డు సొన, బుడగలు, ఎర్ర మందు. ఎర్ర మందు అనగానే ఆమె చేయి ఆగింది.

"సీసలెకెల్లి నరంల ఎక్కిస్తరు, గదేనా? మూత్రం గూడ ఎర్రగయితది?"

"గదే అవ్వా."

"మా చెల్లెకు ఎక్కిచ్చిన్రు." అవ్వ కోళ్ల వైపు చూస్తూ మాట్లాడింది. "గడ్డ కరిగిందని డాక్టరు ఖుష్. మేం గూడ ఖుష్. జుట్టు పోయింది, పోతె పోనీ అన్నం. ఆరు నెలలకు మెట్లెక్కుడు బందయింది. గుండె అలిసిపోయిందన్నరు. గట్లనే పోయింది. గడ్డతోని కాదు, గుండెతోని." నోరు కొంగుతో తుడుచుకుంది. "నీ బుడగల మందు గుండెను పట్టదా?"

నాకు అబద్ధం చెప్పడం రాదు. రాని పనిని ఆ వేళ మొదలు పెట్టదలచుకోలేదు. "పట్టకుండ చెయ్యాలనే చూస్తున్నం. అయితదో కాదో ఇంక తెల్వదు. సోమారం గీ బుడగలు కారితే చూసుడు గూడ బంద్ అయితది."

ఒక పెట్ట వచ్చి ఆమె మోకాలు పొడిచింది.

"నీకు గావాల్సింది గుడ్డా, లోపలి సొనా?"

"పచ్చసొన ఒక్కటే."

"మరి గింతసేపు గుడ్లు, గుడ్లు అని నా పాణం ఎందుకు తీసినవే? గడప దాటొద్దన్నది గుడ్డు. కూసో. ఈడనే పగలగొడదాం. పెంకులు నావి, తెల్లది నాది. నీ పచ్చది నువ్వు తీస్కపో. లక్ష్మి నా ఇంట్లనే ఉంటది. డబ్బ ఉందా?"

మెట్లు రెండేసి దూకుతూ కిందికి పోయి నా స్టీలు అన్నం డబ్బాను నీళ్లలో వేసి ఇరవై నిమిషాలు మరిగించాను. ఇరవై అంటే ఇరవయ్యే, గడియారం చూసే దించాను. పైకి వచ్చేసరికి అవ్వ చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని సిద్ధంగా ఉంది. తరువాత నేను చూసింది నా జీవితంలో మళ్లీ ఏ ప్రయోగశాలలోనూ చూడలేదు. గుడ్డును గిన్నె అంచుకు ఒక్కసారి తాకించేది. సొన అరచేతిలో పడేది. తెల్లది వేళ్ల సందుల్లోంచి గిన్నెలోకి జారిపోయేది. పచ్చది ఈ చేతి నుంచి ఆ చేతికి ఒక్క దొర్లుడు దొర్లి, తుడిచినంత శుభ్రంగా డబ్బాలో కూర్చునేది. నేను తీసే ప్రతి డజనులో కనీసం రెండు పగిలేవి. అవ్వ చేతిలో పన్నెండింటిలో ఒక్కటీ పగలలేదు.

పన్నెండు అయ్యాక కూడా ఆమె ఆగలేదు. ఇంకా రెండు కొట్టింది.

"పన్నెండు చాలు అవ్వా."

"గివి మా చెల్లె పేరు మీద," అంది.

ఆ తెల్లసొనతో ఆ రోజు మా అంతస్తులో ఆరు ఇళ్లకు అట్లు వెళ్లాయని అమ్మ తరువాత చెప్పింది. అట్లు గడప దాటవచ్చా అని నేను అడగలేదు.

సోడా దుకాణంలో మంచు ముక్కలు అడిగి తెచ్చి, డబ్బా చుట్టూ పేర్చి, నాయిన గోనెపట్టలో చుట్టి బస్సెక్కాను. మోకాలి లోతు నీళ్లలో బస్సు మూడు చోట్ల ఆగింది. తొమ్మిది గంటల అయిదు నిమిషాలకు ప్రయోగశాలలో అడుగు పెట్టేసరికి సర్, భావూ ఇద్దరూ విప్పిన యంత్రం మీదికి వంగి ఉన్నారు.

"సర్, యంత్రం బిగించేయండి. తప్పు నాది," అన్నాను.

మా మాటలన్నీ హిందీలో నడిచేవి. అవి నా తెలుగులో ఇక్కడ రాస్తున్నాను. నేను ఉన్నదంతా చెప్పాను. గమేలా, సున్నం, సిమెంటుతో సహా. సర్ ముఖంలో ఏ మార్పూ లేదు. "రిజిస్టరు తీసుకురా," అన్నారు. బుధవారం పేజీ తీసి ఆ వాక్యం రెండుసార్లు చదివారు.

"ఇది బుధవారమే రాశావు."

"అవును సర్."

"దాచాలనుకుంటే రాసేదానివి కాదు."

"అప్పుడు అది తప్పని తోచలేదు సర్. తోచి ఉంటే దాచాలని కూడా తోచేదేమో, చెప్పలేను."

భావూ కిసుక్కున నవ్వారు. సర్ నవ్వలేదు. ఆయన వేలు ఆ వాక్యం కింద ఆగింది. అక్కడ సంతకం ఉంది. ప్రతి పేజీ కింద సాయంత్రం చదివి సంతకం పెట్టవలసింది ఆయనే. ఆ సంతకం ఆయనదే.

ఆయన రిజిస్టరు మూశారు. "అచ్ఛా, చేతిరాత నీది. చదివానని చెప్పిన అబద్ధం నాది. ఇద్దరిలో ఎవరిని ముందు తీసేయాలో సంఘం వాళ్లే తేల్చుకుంటారు. సొనలు ఎన్ని?"

"పద్నాలుగు సర్."

డబ్బా మూత తీసి చూసిన ఆయన కనుబొమలు పైకి లేచాయి. "వీటిని ఎవరు విడదీశారు?"

"మా ఇంటి మీద ఉండే అవ్వ సర్."

"ఆమెకు ఉద్యోగం కావాలా?" అన్నారు భావూ. నేను చేరిన ఏడాదిలో ఆయన నోట ఒక మనిషి పనిని మెచ్చుకునే మాట వినడం అదే మొదలు. అది కూడా నా పని కాదు.

శుక్రవారమంతా సరుకు తీశాం. శనివారం పొర పట్టించి బుడగలు చేశాం. మూత తీసిన ప్రతిసారీ నత్రజని ఊదుతూ, ఊదిన ప్రతిసారీ రిజిస్టరులో గీత పెట్టాను. ఇరవై ఆరు గీతలు అయ్యాయి. చెడిన విడతను తొట్టిలో పారబోయడానికి ఎత్తితే సర్ నా చేయి పట్టుకున్నారు. "అది కూడా ఉండనీ. ఆదివారం రెండింటినీ పక్కపక్కన వెచ్చబెట్టు." ఎందుకో చెప్పలేదు. నా తప్పును నా కళ్లెదుటే ఇంకో రోజు ఉంచాలని కాబోలు అనుకున్నాను.

సోమవారం పదకొండుకు సంఘం వచ్చింది. ముగ్గురు. వారిలో పెద్దాయన గుండె వైద్యుడు. మా గదిలో ఉన్నవి నాలుగే కుర్చీలు కాబట్టి భావూ యంత్రానికి ఆనుకుని, దాని మీద చేయి వేసి నిలబడ్డారు. సర్ బల్ల మీద ఒకటి కాదు, రెండు గాజు గొట్టాలు బిగించమన్నారు. ఎడమ దానిలో చెడిన విడత, కుడి దానిలో అవ్వ సొనల విడత. రెండూ నా చేతులతోనే పోశాను.

ఎర్రదనం గుజ్జులోకి దిగడం మొదలైంది. మొదటి పది నిమిషాలు రెండు గొట్టాలూ ఒకేలా ఉన్నాయి. ఆ పది నిమిషాల్లో చీటీల గది గోడ రంగు, అక్కడి బంక వాసన, ఆ కిటికీ లేని మూల, అన్నీ నాకు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. పదిహేనో నిమిషంలో ఎడమ దానిలో రంగు రెండుగా విడిపోయింది: ముందు గులాబీ, వెనక దానిమ్మ. కుడి దానిలో చిక్కని పట్టీ ఒకటే గడప దిగినట్టు దిగింది. వెనక ఏముందో చూడడానికి గుండె వైద్యుడు లేచి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, గొట్టానికి జానెడు దూరంలో వంగారు. ఉన్నదీ లేనట్టు ఒక లేత చార.

"ఎడమది ఎందుకు కారింది?" అని అడిగారు.

"ఆమె చెబుతుంది," అన్నారు సర్.

ఆ క్షణంలో సర్ మీద నాకు వచ్చిన కోపం దినచర్యలో అర పేజీ ఉంది. అయినా చెప్పాను. పాత సరుకు కలిపానని, ఎందుకు కలిపానో, సున్నం మాలు ఎలా నిలుస్తుందో, సిమెంటు మాలు ఎలా నిలవదో చెప్పాను. ముగ్గురూ విన్నారు. ఒకరు రాసుకున్నారు కూడా.

"అంటే, బుడగను చెడగొట్టడానికి పది రోజుల గాలి చాలని మీకు ఇప్పుడు ఖాయంగా తెలుసు," అన్నారు గుండె వైద్యుడు. "ఇంతకు ముందు నాకు చూపిన వాళ్లందరూ నిలిచిన గొట్టమే చూపారు. ఎందుకు నిలిచిందో వాళ్లకూ తెలియదు. ఈ సున్నం, సిమెంటు తేడా ఎవరు చెప్పారు?"

"మా నాయిన సర్. వర్లి సైటులో మేస్త్రీ."

"ఆ మాట మీ నివేదికలో రాయండి."

"రాస్తాం. మేస్త్రీ గారి పేరు ముందు వేయాలా, నా పేరు ముందు వేయాలా అని తేలడం లేదు," అన్నారు సర్. గది అంతా నవ్వింది. యంత్రానికి ఆనుకున్న భావూ అందరికంటే గట్టిగా నవ్వారు. యంత్రం నిర్దోషి అని తేలిన ఆనందం అది.

పన్నెండున్నరకు వాళ్లు వెళ్లిపోయారు. బల్ల ఇంకో రెండేళ్లు ఉంటుందన్నారు. నా ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను గొట్టాలు కడుగుతున్నాను. సర్ తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "బుధవారం గుడ్లు నువ్వే తెస్తావా, లారీ వాడికి చెప్పాలా?" అన్నారు.

"నేనే తెస్తాను సర్."

"గీకకు," అని వెళ్లిపోయారు.

మీ తరం వాళ్లు పెద్ద విజయం కోసం ఎదురు చూస్తుంటారని నాకు తెలుసు. మా బుడగలు ఏ రోగి రక్తంలోకీ వెళ్లలేదు. ఎలుకల దాకా వెళ్లి అక్కడే ఆగాయి. అలాంటి బుడగల్లో మూసిన ఎర్ర మందు చాలా ఏళ్ల తరువాత ఎక్కడెక్కడి వాళ్లో చేస్తే ఆసుపత్రులకు వచ్చింది. ఆ గోడలో మా ఇటుక ఉందో లేదో నేను చెప్పలేను. ఆ బుడగల్ని గాలికి దూరంగా కాపాడాలన్న సంగతి మాత్రం నాకు చదువుతో పాటు అవమానంతోనూ తెలుసు, ఇలా తెలిసినది మరపు రాదు. ఆ తరువాత నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివారినీ, చేతిలోని సరుకు సున్నమా సిమెంటా అని ముందు అడిగేదాన్ని. నాకు పిచ్చి అనుకుని ఊరుకునేవారు.

ఆ సోమవారం సాయంత్రం చాల్ మెట్ల మొదట్లోనే కోళ్లవ్వ కూర్చుని ఉంది. గచ్చు మీద నుంచి ఆమె అంత కిందికి దిగి రావడం నేను ఎన్నడూ చూడలేదు.

"కారినయా?"

"కారలేదవ్వా. కనవడి కనవడని చార, గంతే."

"గుండె సంగతి?"

"గుండె దాక ఇంక పోలేదు. ఇప్పుడు ఎలకలకు ఇచ్చి చూస్తరు."

"ఎలకకు గూడ గుండె ఉంటది గద," అంది అవ్వ. "ఆడికెల్లే షురూ చెయ్యాలె." మోకాలి మీద చేయి ఆన్చి లేచి, రెండు మెట్లెక్కి ఆగింది.

"శుక్రారం గూడ రా. సొన తీసి పెడ్త. డబ్బ మాత్రం నువ్వే తెచ్చుకో. నా గిన్నె గూడ గడప దాటదు."